మట్టి బాసిల్లస్ బయటి డీఎన్ఏని అసలు ముట్టుకోవట్లేదు, ఎక్కడ ఆపుతోంది?

వేరుశనగ_వేళ్లు
ఎమ్మెస్సీ ప్రాజెక్టు. అనంతపురం వైపు ఒక వేరుశనగ చేలో వేళ్ల దగ్గరి మట్టి నుంచి తీసిన బాసిల్లస్ ఉంది మా దగ్గర. ప్లేటు మీద ఫంగస్‌ని బాగా ఆపుతోంది. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్) ఉన్న ప్లాస్మిడ్, అంటే విడిగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట, దాంట్లోకి ఎక్కించి, వేరు మీద ఎక్కడ కూర్చుంటుందో చూద్దామని మా గైడ్ ప్లాను. 16ఎస్ (జాతి గుర్తుపట్టడానికి చదివే జీన్) చేస్తే బాసిల్లస్ సబ్టిలిస్ అని వచ్చింది. సబ్టిలిస్ సహజంగానే డీఎన్ఏ తీసుకుంటుందని ప్రతి పుస్తకంలోనూ ఉంది కదా, అందుకే స్పిజిజెన్ మీడియంలో రెండు అంచెల పద్ధతి పట్టుకున్నా. పక్కనే ల్యాబుల్లో వాడే సబ్టిలిస్ 168 స్ట్రెయిన్ పెడితే దానికి కాసిన్ని కాలనీలు వస్తున్నాయి. మా మట్టి దానికి ప్రతిసారీ సున్నా. సీనియర్లేమో "నీ చెయ్యి మంచిది కాదు" అంటున్నారు. ఒకే చెయ్యి, ఒకే రోజు, ఒకే మీడియం, మరి 168కి ఎలా వస్తున్నాయి? బ్యాక్టీరియాయే ఆపుతుందా? ఆపితే ఎక్కడ?

కోడింగ్‌కి_పోయా
ఈ టెన్షన్ పడలేకే నేను జావా నేర్చుకున్నా.

మట్టిలో_మైక్రోబ్
ప్లాస్మిడ్ దేంట్లోంచి తీశావు? డీహెచ్5ఆల్ఫా అనే ల్యాబు ఈ.కోలై అయితే కథ అక్కడే సగం ఉంది.

వేరుశనగ_వేళ్లు
అవునక్కా, డీహెచ్5ఆల్ఫాయే. ల్యాబులో ఉన్నది అదొక్కటే. ఎందుకలా?

మట్టిలో_మైక్రోబ్
డీహెచ్5ఆల్ఫాలో రెక్‌ఏ, అంటే డీఎన్ఏ ముక్కల్ని కలిపే ప్రోటీన్, పనిచేయదు. అందుకే అందులోంచి వచ్చే ప్లాస్మిడ్ దాదాపు అంతా మోనోమరే, అంటే ఒక్కో కాపీ విడివిడిగా ఒక్కో చుట్ట. సబ్టిలిస్ సహజ దారిలో తీసుకున్నప్పుడు డీఎన్ఏని బయటే తుంచి, రెండు పోగుల్లో ఒకదాన్నే లోపలికి లాక్కుంటుంది, రెండోదాన్ని ముక్కలు చేసేస్తుంది. ఒంటి పోగుగా, తెగిన ముక్కగా లోపలికొచ్చిన మోనోమర్ మళ్లీ గుండ్రటి ప్లాస్మిడ్‌గా తయారవ్వలేదు. అదే రెండు మూడు కాపీలు వరసగా అతుక్కున్న మల్టీమర్ అయితే ఒకదానికొకటి సరిపోయే భాగాలుంటాయి కాబట్టి కలుసుకుని నిలబడుతుంది. ఇది 1978 నుంచీ తెలిసిన సంగతే, అయినా ప్రోటోకాల్ కాగితాల మీద ఎవరూ రాయరు. రెక్‌ఏ ఉన్న ఈ.కోలై లోంచి ప్లాస్మిడ్ తీసి మళ్లీ చెయ్యి. జేఎమ్110 అనే ఈ.కోలై దొరికితే ఇంకా మంచిది, దాంట్లో డ్యామ్, డీసీఎమ్ మిథైలేషన్ (డీఎన్ఏ మీద పడే రసాయన ముద్రలు) కూడా ఉండదు.

సోంపేట_సందేహం
అక్కా, అది 168కి కూడా వర్తించాలి కదా. దానికి కాలనీలు వస్తున్నాయంటున్నాడు. మోనోమర్ సంగతి నిజమే కానీ "168కి కొన్ని, దీనికి సున్నా" అన్న తేడాకి అది జవాబు కాదు.

మట్టిలో_మైక్రోబ్
పూర్తి జవాబని నేననలేదు. సగం అన్నా. 168 బాగా తీసుకునే రకం కాబట్టి ఆ కాస్త మల్టీమర్‌తోనే నెట్టుకొస్తోంది. తక్కువగా తీసుకునే దానికి అదే ప్లాస్మిడ్ ఇస్తే సున్నా కనిపిస్తుంది. ముందు ప్లాస్మిడ్ సంగతి తేల్చి తర్వాత బ్యాక్టీరియాని తిట్టుకోవచ్చు.

పాతపిప్పెట్
168ని కొలబద్దగా పెట్టుకోవడం దగ్గరే ఇబ్బంది ఉంది బాబూ. అది మట్టి బ్యాక్టీరియా కాదు, ల్యాబు పెంపుడుది. 1947లో అమెరికాలో మార్బర్గ్ స్ట్రెయిన్‌కి ఎక్స్-కిరణాలు, యూవీ పెట్టి మ్యుటెంట్లు తీశారు, ట్రిప్టోఫాన్ చేసుకోలేని ఈ 168 వాటిలో ఒకటి. 1958లో స్పిజిజెన్ ఇది డీఎన్ఏ తీసుకుంటుందని చూపించాక ప్రపంచమంతా దీని మీదే పడింది. అంటే బాగా తీసుకునేదాన్నే ఏరుకుని, దాన్నే అరవై ఏళ్లకి పైగా పెంచుకుంటూ వచ్చి, ఇప్పుడు "సబ్టిలిస్ సహజంగా తీసుకుంటుంది" అని పుస్తకంలో రాసుకున్నాం. చేలోంచి తెచ్చినవాటిలో చాలా వరకు అలా ఉండవు.

ఇక 168లోనే చూసినా, మంచి రోజున కూడా పదింటిలో ఒకటో రెండో కణాలే కాంపిటెంట్ అవుతాయి, అంటే డీఎన్ఏ తీసుకునే స్థితిలోకి వస్తాయి. మిగతావి అదే ఫ్లాస్కులో, అదే తిండి తింటూ, అవే జీన్లు పెట్టుకుని కూడా ముట్టుకోవు. మొత్తం తాళంచెవి కామ్‌కె అనే ఒక్క ప్రోటీన్ దగ్గరుంది. అది తన జీన్‌ని తనే ఆన్ చేసుకుంటుంది, కాబట్టి ఒక మోతాదు దాటితే గభాలున పెరుగుతుంది, దాటకపోతే అణిగే ఉంటుంది. మామూలుగా మెక్‌ఏ అనే ఇంకో ప్రోటీన్ ఈ కామ్‌కెని పట్టుకెళ్లి క్లిప్‌సీపీ చేత ముక్కలు చేయిస్తూ ఉంటుంది. గుంపు పెరిగినప్పుడు కామ్‌ఎక్స్ అనే ఫెరోమోన్ బయట పోగవుతుంది, కామ్‌పీ దాన్ని పసిగట్టి కామ్‌ఏకి చెబుతుంది, కామ్‌ఏ వల్ల కామ్‌ఎస్ తయారవుతుంది, అది మెక్‌ఏకి అడ్డుపడి కామ్‌కెని బతికిస్తుంది. ఇది చాలదన్నట్టు రాక్, కోడ్‌వై, ఏబీఆర్‌బీ అనే మూడు అణచివేత ప్రోటీన్లు కామ్‌కె జీన్ ముందే కూర్చుని ఉంటాయి. కోడ్‌వై అయితే తిండి బాగా ఉన్నంతసేపూ కదలదు.

ఇన్ని అడ్డంకుల్లో నీ మట్టిదానికి ఏ ఒక్కటి కాస్త గట్టిగా ఉన్నా సున్నాయే వస్తుంది. చెయ్యి మంచిదా కాదా అన్న మాట వదిలెయ్.

వేరుశనగ_వేళ్లు
చాలా థ్యాంక్స్ సార్. కామ్‌ఎస్ జీన్ ఎక్కడుంటుంది? సీక్వెన్స్ చేయించొచ్చా?

పాతపిప్పెట్
సర్ఫాక్టిన్ తయారుచేసే ఎస్‌ఆర్‌ఎఫ్ ఆపెరాన్ (కలిసి పనిచేసే జీన్ల వరస) మధ్యలో, అవే అక్షరాలని వేరే చోటు నుంచి చదివే రీడింగ్ ఫ్రేములో దాక్కుని ఉంటుంది. సర్ఫాక్టిన్ కూడా నీ ఫంగస్ ఆపే మందుల కుటుంబంలోదే. 168 ఒక చిన్న మ్యుటేషన్ వల్ల సర్ఫాక్టిన్ చేయలేదు కానీ కామ్‌ఎస్ మాత్రం చక్కగా చేస్తుంది. అన్నీ పోగొట్టుకుని ఇదొక్కటి దాచుకుంది మహాతల్లి.

ఫేజ్_పిచ్చి
అందరూ కణం తనంతట తను ఆపుతోందనే అనుకుంటున్నారు. నాకు అసలు ఆసక్తి అది కాదు. ఎన్‌సీఐబీ 3610 అని ఒకటుంది, 168కి అసలు దాయాది, మచ్చిక కానిది. అది డీఎన్ఏని చాలా తక్కువగా తీసుకుంటుంది. 2013లో కారణం బయటపడింది. దాంట్లో పీబీఎస్32 అనే పెద్ద ప్లాస్మిడ్ ఉంది, సుమారు 84 వేల బేస్‌లు. దాని మీద కామ్‌ఐ అనే బుల్లి జీన్, 30 అమైనో ఆమ్లాల ప్రోటీన్. అది పొరలో కూర్చుని డీఎన్ఏ లోపలికి లాగే యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ కామ్‌ఐలో ఒక్క అమైనో ఆమ్లం మారిస్తే చాలు, 3610 కూడా బాగా తీసుకుంటుంది. ఆ మార్చిన స్ట్రెయిన్‌నే ఇప్పుడు చాలా ల్యాబుల్లో వాడుతున్నారు. 168 మచ్చికయ్యే దారిలో ఎక్కడో ఈ ప్లాస్మిడ్‌ని పోగొట్టుకుంది, ఆ బాధ కూడా దానితోనే పోయింది.

అంటే అద్దెకు దిగినవాడు ఇంటి తాళం మార్చేసి ఇంకో అద్దెవాడు రాకుండా చూసుకున్నట్టు. నీ మట్టిదాంట్లో ప్లాస్మిడ్ ఏమైనా ఉందేమో ముందు చూడు.

సోంపేట_సందేహం
ఒక్క ప్లాస్మిడ్ పట్టుకుని అద్దె ఇంటి కథ అల్లేశావు. కామ్‌ఐ అలా చేయడం వల్ల ఆ ప్లాస్మిడ్‌కి లాభం ఉందని ఎవరు చూపించారు? యాదృచ్ఛికం కావచ్చు.

ఫేజ్_పిచ్చి
ఒక్కటే అయితే నేనూ అలాగే అనుకునేవాణ్ని. ఇంకొన్ని చెప్తా విను.

లిస్టీరియా మోనోసైటోజెనిస్‌లో కొన్ని స్ట్రెయిన్లకి కామ్‌కె జీన్ సరిగ్గా మధ్యలో ఒక ప్రోఫేజ్, అంటే బ్యాక్టీరియా డీఎన్ఏలో చేరిపోయిన వైరస్ (ఫేజ్), దూరి కూర్చుంటుంది. జీన్ రెండు ముక్కలు. ఆ బ్యాక్టీరియాని మాక్రోఫేజ్ అనే మన రక్షణ కణం మింగినప్పుడు మాత్రం ఆ ఫేజ్ తాత్కాలికంగా లేచి బయటికొస్తుంది, కణాన్ని చంపదు, జీన్ అతుక్కుని పనిచేస్తుంది, ఆ కామ్ యంత్రం సాయంతోనే బ్యాక్టీరియా ఫాగోసోమ్ (మింగినదాన్ని ఉంచే సంచి) నుంచి తప్పించుకుంటుంది. 2012లో ఇజ్రాయెల్ వాళ్లు చూపించారిది.

లెజియోనెల్లా, 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో జ్వరాలు తెప్పించింది చూడు, దాంట్లో రాక్‌ఆర్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంది. రాక్‌సీ ప్రోటీన్ సాయంతో అది డీఎన్ఏ లాగే యంత్రానికి కావలసిన ఎమ్‌ఆర్‌ఎన్‌ఏలని ప్రోటీన్ కానివ్వదు. ఇది కణం సొంత అదుపు, ఒప్పుకుంటా. కానీ 2019లో తేలిందేమిటంటే కొన్ని ప్లాస్మిడ్లు ఆ రాక్‌ఆర్ లాంటి ఆర్‌ఎన్‌ఏనే తమ వెంట మోసుకొస్తున్నాయి. కణం ఎప్పుడైనా ఆ పట్టు సడలిస్తే వీళ్లు సడలనివ్వరు.

అసినెటోబాక్టర్ బౌమానీ, ఆసుపత్రులని పీడించేది: రెసిస్టెన్స్ జీన్లున్న ఏబీఏఆర్ దీవులు ఎక్కడ దూరతాయంటే కామ్‌ఎమ్ జీన్‌లో. కామ్‌ఎమ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌కి, అంటే బయటి డీఎన్ఏని తీసుకుని తనలో కలుపుకోవడానికి, సాయపడేదే. ఇన్ని రకాల పరాన్నజీవి డీఎన్ఏలు ఇన్ని చోట్ల ఒకే వ్యవస్థని చెడగొడుతుంటే యాదృచ్ఛికం అంటావా?

సోంపేట_సందేహం
లాభం ఏంటో ఇంకా చెప్పలేదు.

ఫేజ్_పిచ్చి
బయటి డీఎన్ఏ ఎక్కువగా ఎవరిది? చచ్చిన చుట్టాలది. ఆ చుట్టానికి ప్రోఫేజ్ లేదనుకో, ప్రోఫేజ్ లేని ఆ ముక్క లోపలికొచ్చి క్రోమోజోమ్‌తో కలిస్తే ఈ కణంలోని ప్రోఫేజ్ ఎగిరిపోతుంది. చిన్న ముక్క పొడుగు ముక్క కన్నా తేలిగ్గా వస్తుంది కాబట్టి తీసేయడం తేలిక, చేర్చడం కష్టం. ట్రాన్స్‌ఫర్మేషన్ అంటే కణానికి జీనోమ్ శుభ్రం చేసుకునే పద్ధతి కూడా. శుభ్రం చేస్తే పోయేవాడు ఆ పద్ధతినే ఆపాలనుకోడా? 2016లో ఈ వాదన గట్టిగా పెట్టారు.

సోంపేట_సందేహం
ఇది బాగుంది. కానీ ప్లాస్మిడ్‌కి ఇది వర్తించదు, అది క్రోమోజోమ్‌లో లేదుగా ఎగిరిపోవడానికి.

ఫేజ్_పిచ్చి
వర్తించదు, నిజమే. ప్లాస్మిడ్‌కి పోటీ ప్లాస్మిడ్ రాకుండా చూసుకోవడం ఒక వాదన. అది బలహీనంగా ఉందని నువ్వంటే పెద్దగా కొట్లాడను.

గుంటూరు_జ్వరం
నేను ల్యాబు మనిషిని కాదు, పల్మనాలజీ వార్డు మనిషిని. న్యూమోకాకస్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1928లో గ్రిఫిత్ లండన్‌లో ఎలుకలకి ఎక్కించింది అదే కదా, చచ్చిన నున్నటి రకం, బతికిన గరుకు రకం కలిపితే ఎలుక చచ్చిపోయిన కథ. 1944లో ఏవరీ, మెక్లియోడ్, మెకార్టీ అది డీఎన్ఏ అని తేల్చారు. ఎంబీబీఎస్‌లో ఒక్క పేజీ చదివి మర్చిపోయాం. నా ప్రశ్న: యాంటీబయాటిక్ ఇస్తే న్యూమోకాకస్ డీఎన్ఏ ఎక్కువ తీసుకుంటుందని ఎక్కడో విన్నాను. నిజమా?

పాతపిప్పెట్
నిజమే డాక్టర్ గారూ, కొన్ని మందులతో. 2006లో ఫ్రాన్స్ వాళ్లు చూపించారు: మైటోమైసిన్, ఫ్లోరోక్వినోలోన్లు, స్ట్రెప్టోమైసిన్, కానామైసిన్ న్యూమోకాకస్‌ని కాంపిటెంట్ చేస్తాయి. మిగతా చాలా బ్యాక్టీరియాకి డీఎన్ఏ దెబ్బతింటే ఎస్‌ఓఎస్ అనే అత్యవసర స్పందన ఉంటుంది, న్యూమోకాకస్‌కి అది లేదు. దాని బదులు ఇదే వాడుకుంటోందని వాళ్ల ఊహ. క్వినోలోన్ విషయంలో యంత్రాంగం 2014లో ఇంకా సూటిగా తేలింది. మందు వల్ల డీఎన్ఏ కాపీ అవడం మధ్యలో ఆగిపోతుంది, కానీ ఆరిజిన్ (కాపీ మొదలయ్యే చోటు) దగ్గర కొత్తగా మొదలవడం ఆగదు, దాంతో ఆరిజిన్ పక్కనున్న జీన్ల కాపీలు పెరిగిపోతాయి. కాంపిటెన్స్‌ని మొదలుపెట్టే కామ్‌సీడీఈ ఆపెరాన్ సరిగ్గా అక్కడే ఉంది.

మామూలుగా అది నడిచే తీరు వేరు. కామ్‌సీ నుంచి 17 అమైనో ఆమ్లాల పెప్టైడ్ తయారై బయటికి పోతుంది, సీఎస్‌పీ అంటారు, 1995లో దొరికింది. కామ్‌డి దాన్ని గుర్తించి కామ్‌ఈకి ఫాస్ఫేట్ పెడుతుంది, అది సిగ్‌ఎక్స్‌ని ఆన్ చేస్తుంది, సిగ్‌ఎక్స్ డీఎన్ఏ లాగే యంత్రం మొత్తాన్ని ఆన్ చేస్తుంది. నాకు నచ్చేది తర్వాతి భాగం. సిగ్‌ఎక్స్ తయారుచేయించే వాటిలో డీపీఆర్‌ఏ అనే ప్రోటీన్ ఉంది. అది లోపలికొచ్చిన ఒంటి పోగుని కాపాడి రెక్‌ఏకి అప్పగిస్తుంది, అదే చేత్తో కామ్‌ఈని పట్టుకుని మొత్తం వ్యవహారాన్ని ఆపేస్తుంది. తెరిచినవాడే మూసేస్తాడు. అరగంట లోపే అంతా అయిపోతుంది, ఆ తర్వాత కొంతసేపు ఎంత సీఎస్‌పీ పోసినా పలకదు.

గుంటూరు_జ్వరం
మరి పెన్సిలిన్ రెసిస్టెన్స్ ఇలాగే వచ్చిందా?

పాతపిప్పెట్
న్యూమోకాకస్‌లో ఎక్కువగా ఇలాగే. పెన్సిలిన్ అతుక్కునే పీబీపీ ప్రోటీన్ల జీన్లు చూస్తే అతుకుల బొంత, మధ్యమధ్యలో స్ట్రెప్టోకాకస్ మైటిస్ లాంటి నోటి బ్యాక్టీరియా ముక్కలు. పెన్సిలిన్‌ని విరిచే బీటా లాక్టమేజ్ ఎంజైమ్ కాదు దాని దారి.

గుంటూరు_జ్వరం
క్వినోలోన్ ఇవ్వాలంటేనే భయం వేస్తోందిప్పుడు.

మట్టిలో_మైక్రోబ్
ట్యూబులో కనపడింది మనిషి ఊపిరితిత్తుల్లో అంతే మోతాదులో జరుగుతుందని కాదు డాక్టర్ గారూ. మందు రాయడం మానకండి.

గుంటూరు_జ్వరం
మానను మేడమ్, ఊరికే అన్నా. అవసరం లేకుండా రాయడం మానేవాళ్లు ఎక్కువైతే చాలు.

కోడింగ్‌కి_పోయా
పైన డీపీఆర్‌ఏ చూసి డీపీఎన్-1 గుర్తొచ్చింది. సైట్ డైరెక్టెడ్ మ్యూటజెనిసిస్‌లో (డీఎన్ఏలో అనుకున్న చోట మార్పు చేసే పద్ధతి) పీసీఆర్ అయ్యాక పాత టెంప్లేట్‌ని కోసెయ్యడానికి ఒక ఎంజైమ్ వేసేవాళ్లం, అది కూడా న్యూమోకాకస్‌దేనా?

పాతపిప్పెట్
దానిదే. అప్పట్లో దాని పేరు డిప్లోకాకస్ న్యూమోనియే, అందుకే డీపీఎన్. ఇది మన థ్రెడ్‌కి పనికొచ్చే సంగతే. కొన్ని న్యూమోకాకస్‌లకి డీపీఎన్-1, కొన్నింటికి డీపీఎన్-2. మొదటిది మిథైల్ ముద్ర ఉన్న జీఏటీసీ అనే డీఎన్ఏ వరసని కోస్తుంది, రెండోది మిథైల్ లేనిదాన్ని. రెండూ ఫేజ్ మీద కాపలా. మరి బయటి డీఎన్ఏ తీసుకునే బ్యాక్టీరియా ఇంత కాపలా పెట్టుకుంటే తనకి కావలసింది ఎలా వస్తుంది? వచ్చేది ఒంటి పోగు కాబట్టి కోసే ఎంజైమ్ దాన్ని పట్టుకోదు. డీపీఎన్-2 ఉన్నవాటికి ఇంకో ఏర్పాటుంది: డీపీఎన్‌ఏ అనే మిథైలేజ్, ఒంటి పోగుగా ఉండగానే ముద్ర వేసేస్తుంది. అది కాంపిటెన్స్ సమయంలోనే తయారవుతుంది. కాబట్టి "కాపలా ఉంటే డీఎన్ఏ రాదు" అని సూత్రంగా పట్టుకోకండి. ఫేజ్ రెండు పోగులతో వస్తుంది కాబట్టి చిక్కుతుంది.

సోంపేట_సందేహం
క్రిస్పర్?

ఫేజ్_పిచ్చి
క్రిస్పర్, అంటే గురిపెట్టిన డీఎన్ఏని కోసే బ్యాక్టీరియా రక్షణ, అడ్డుపడుతుంది. 2012లో న్యూమోకాకస్‌లోకి, దానికి సొంతంగా లేదు కదా, బయటి నుంచి క్రిస్పర్ పెట్టి చూశారు. క్యాప్సూల్ (పైతొడుగు) జీన్‌ని గురిపెడితే ఎలుకలో గ్రిఫిత్ చేసినట్టు గరుకు రకం నున్నగా మారడం ఆగిపోయింది. న్యూమోకాకస్‌కి క్రిస్పర్ లేకపోవడానికి కారణం అదే అయ్యుండొచ్చని కొందరంటారు. నేనైతే "అయ్యుండొచ్చు" దగ్గరే ఆగుతా.

రొయ్యల_రాజు
ఏమనుకోకండి, మధ్యలో వస్తున్నా. మాది భీమవరం పక్క, వనామీ చెరువులు. విబ్రియోకి రొయ్య పెంకు తగిలితే డీఎన్ఏ మింగుతుందని మా ల్యాబు కుర్రాడన్నాడు, వెతికితే ఈ థ్రెడ్ వచ్చింది. చెరువు అడుగున పెంకులు గుట్టలుగా ఉంటాయి మాకు. ఇది నిజమైతే నేను నిద్రపోలేను.

ఫేజ్_పిచ్చి
నిజమే రాజుగారూ. పెంకులో ఉండేది కైటిన్. 2005లో కలరా విబ్రియో మీద చూపించారు: కైటిన్ తగిలితే టీఎఫ్‌ఓఎక్స్ అనే ప్రోటీన్ ఆన్ అవుతుంది, డీఎన్ఏ లాగే పైలస్ (వెంట్రుక లాంటి భాగం) బయటికొస్తుంది. ఆ పైలస్ ఎలా చాచి డీఎన్ఏని పట్టుకుని వెనక్కి లాక్కుంటుందో 2018లో మైక్రోస్కోప్ కింద వీడియో తీశారు, దొరికితే చూడండి, భలే ఉంటుంది. మీ రొయ్యల విబ్రియో పారాహీమోలిటికస్‌లోనూ కైటిన్‌తో ఇదే జరుగుతుంది.

అయితే పెంకు ఒక్కటే చాలదు. గుంపు కూడా ఉండాలి. గుంపు పలచగా ఉంటే డీఎన్ఎస్ అనే ఎంజైమ్‌ని బయటికి వదిలి చుట్టుపక్కల డీఎన్ఏని తనే కోసేస్తుంది. గుంపు చిక్కబడ్డాక హెచ్‌ఏపీఆర్ అనే ప్రోటీన్ వచ్చి ఆ డీఎన్ఎస్‌ని ఆపుతుంది. పక్కన గ్లూకోజ్ లాంటి సులువైన చక్కెర ఉన్నా ఈ వ్యవహారం మొదలవదు.

మట్టిలో_మైక్రోబ్
రాజుగారూ, మీ భయం ఈఎమ్ఎస్ (రొయ్య పిల్లల్ని తొందరగా చంపే జబ్బు) గురించే అయితే ఒక సంగతి. దాని విషం జీన్లు, పిర్ఏ, పిర్‌బీ, ప్లాస్మిడ్ మీద ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ మీద ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి నేరుగా దాటే కంజుగేషన్ జీన్లూ ఉన్నాయి. అంటే దానికి పెంకు దారి అక్కర్లేదు, సొంత దారి ఉంది. పెంకులు చూసి నిద్ర మానుకోకండి, అడుగు బురద తీయడం, సీడ్ టెస్టు చేయించడం ఎలాగూ చేసేవే, అవి చాలు.

రొయ్యల_రాజు
హమ్మయ్య. బురద తీయిస్తానమ్మా. రేటే లేదు, బురద ఒకటి మిగిలింది.

గుంటూరు_జ్వరం
కలరా అనగానే 1992 గుర్తొచ్చింది. మద్రాసులో మొదలై బంగాళాఖాతం చుట్టూ పాకింది. ఓ1 అనే విబ్రియో రకం కాకుండా ఇంకోటి అంత కలరా తెప్పించడం అదే మొదలు. ఓ139 అని పేరు పెట్టారు, బెంగాల్ స్ట్రెయిన్ అంటారు. అది ఇలా డీఎన్ఏ తీసుకుని వచ్చిందేనా?

ఫేజ్_పిచ్చి
ఓ1 ఎల్ టార్ రకానికి పైతొడుగు జీన్ల గుంపు మొత్తం మారిపోయి ఓ139 అయింది. ప్రకృతిలో సరిగ్గా ఏ దారిన మారిందో ఎవరూ చూడలేదు. 2007లో ల్యాబులో కైటిన్ మీద ఓ1ని పెట్టి ఓ139 డీఎన్ఏ ఇస్తే ఒక్క విడతలో ఓ139గా మారిందని చూపించారు. ఆ దారి సాధ్యమే అన్నమాట.

ఇక్కడ నా పాత వాదనకి బలం చూడండి. ఆ మద్రాసు ఓ139లోనే ఎస్ఎక్స్‌టీ అనే, ఒక కణంలోంచి ఇంకోదాంట్లోకి దూకే డీఎన్ఏ ముక్క మొదట దొరికింది, సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, స్ట్రెప్టోమైసిన్‌లకి రెసిస్టెన్స్ మోసేది. 2015లో తేలింది, ఎస్ఎక్స్‌టీ కుటుంబంలోని కొన్నింటిలో ఐడీఈఏ అనే డీఎన్ఏ కోసే ఎంజైమ్ ఉంది, విబ్రియో సొంత డీఎన్ఎస్‌కి చుట్టం. అది ఉన్న విబ్రియో కైటిన్ మీద పెట్టినా ట్రాన్స్‌ఫర్మ్ అవదు. తను లోపలికొచ్చాక బయటి డీఎన్ఏని కోసేస్తోంది. సందేహం గారూ, ఇప్పుడు?

సోంపేట_సందేహం
ఇది బలంగానే ఉంది. కానీ నా అసలు సందేహం వేరే. అసలు బ్యాక్టీరియా డీఎన్ఏ ఎందుకు తీసుకుంటుందో తెలియకుండా, ఎందుకు ఆపుతారో వాదించుకోవడం ఏంటి? రోజ్‌మేరీ రెడ్‌ఫీల్డ్ అనే మైక్రోబయాలజిస్టు ఏళ్ల తరబడి చెప్పేది ఒకటే, ఇది తిండి. హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజేలో ప్యూరిన్ న్యూక్లియోటైడ్లు (డీఎన్ఏ ఇటుకలు) పోస్తే కాంపిటెన్స్ పడిపోతుంది. కడుపు నిండితే తినడం మానేసింది, అంతే.

పాతపిప్పెట్
తిండే అయితే ఏ డీఎన్ఏ అయినా ఒకటే కదా. హీమోఫిలస్ అలా కాదు. ఏఏజీటీజీసీజీజీటీ అనే తొమ్మిది అక్షరాలున్న ముక్కలంటేనే దానికి మోజు, దాని జీనోమ్‌లో అవి సుమారు పద్నాలుగు వందల పైచిలుకు ఉన్నాయి. 1995లో మొత్తం జీనోమ్ చదివినప్పుడు లెక్క తేలింది. గొనోరియా తెప్పించే నిసేరియాకి పది అక్షరాల వేరే గుర్తు, దాని పైలస్‌లోని కామ్‌పీ అనే ప్రోటీన్ ఆ గుర్తుని పట్టుకుంటుంది. అన్నట్టు దీనికీ బాసిల్లస్ కామ్‌పీకీ పేరు తప్ప సంబంధం లేదు, పేర్లు పెట్టినవాళ్లని అడగాలి. తిండికి ఇంటిపేరు అడుగుతారా ఎవరైనా?

సోంపేట_సందేహం
దానికీ ఆవిడ దగ్గర జవాబుంది సార్. లాగే యంత్రానికి సహజంగానే ఒక వరస కాస్త ఎక్కువ అతుక్కుంటుంది, ఆ వరస ఉన్న ముక్కలే తరతరాలుగా ఎక్కువ లోపలికొచ్చి జీనోమ్‌లో కలుస్తాయి, అలా గుర్తు పోగవుతుంది. ఎంపిక చేసుకున్నట్టు మనకి కనిపిస్తుంది.

పాతపిప్పెట్
మరి డీపీఆర్‌ఏ, రెక్‌ఏ ఎందుకు? తినేసేదాన్ని ముక్కలవకుండా కాపాడి క్రోమోజోమ్ దగ్గరికి తీసుకెళ్లే ప్రోటీన్లని అదే స్విచ్‌తో ఎందుకు తయారుచేసుకుంటుంది న్యూమోకాకస్? పైగా ఆ సమయంలో సీబీపీడీ అనే ఎంజైమ్ వదిలి, కాంపిటెంట్ కాని పక్కవాళ్లని పగలగొట్టి డీఎన్ఏ బయటికి తీయిస్తుంది, తను మాత్రం కామ్‌ఎమ్‌తో తప్పించుకుంటుంది. ఈ కామ్‌ఎమ్ కూడా పైన చెప్పిన అసినెటోబాక్టర్ కామ్‌ఎమ్ కాదు, మళ్లీ అదే పేర్ల గోల.

సోంపేట_సందేహం
పక్కవాణ్ని చంపి తినేవాడు తినడానికే చంపుతాడు కదా సార్.

పాతపిప్పెట్
ఒకే సమాధానం అన్ని బ్యాక్టీరియాకీ పెట్టడమే నాకు నచ్చదు. హీమోఫిలస్‌కి నీ మాట సగం ఒప్పుకుంటా, న్యూమోకాకస్‌కి ఒప్పుకోను.

నిర్వాహకుడు
ఎందుకు తీసుకుంటుంది అన్నదానికి వేరే థ్రెడ్ వేయండి. పాపం ప్రశ్న అడిగిన పిల్లాడు ఎక్కడో తప్పిపోయాడు.

వేరుశనగ_వేళ్లు
తప్పిపోలేదు సార్, చదువుతూనే ఉన్నా. అప్‌డేట్. జాతిని ఇంకా బాగా తేల్చే జైఆర్‌బీ జీన్ సీక్వెన్స్ చేయించా. సబ్టిలిస్ కాదట, బాసిల్లస్ వెలెజెన్సిస్ అని వస్తోంది. ప్లాస్మిడ్ ప్రెప్ చేస్తే జెల్ మీద ఏ బ్యాండూ లేదు.

మట్టిలో_మైక్రోబ్
అనుకున్నా. ఈ గుంపులో 16ఎస్‌తో జాతి తేలదు, అన్నీ ఒకేలా కనిపిస్తాయి. వెలెజెన్సిస్ అయితే ఫంగస్ ఆపడం కూడా సరిపోయింది. అలాగైతే 168 జీనోమిక్ డీఎన్ఏతో టెస్టు చేద్దామనుకుంటే అదీ మానుకో, వరస అంత తేడా ఉన్నప్పుడు కలవడం బాగా పడిపోతుంది.

సోంపేట_సందేహం
ప్లాస్మిడ్ బ్యాండు లేదు. అద్దెవాడు ఖాళీ చేశాడన్నమాట.

ఫేజ్_పిచ్చి
84 వేల బేస్‌ల ప్లాస్మిడ్ మామూలు మినీప్రెప్‌లో కనిపిస్తుందనుకుంటున్నావా? జీనోమ్ మొత్తం చదివిస్తే తప్ప చెప్పలేం. కామ్‌కె మధ్యలో ఏమైనా ఉందేమో అప్పుడే తెలుస్తుంది.

వేరుశనగ_వేళ్లు
జీనోమ్‌కి డబ్బుల్లేవన్నా. వెలెజెన్సిస్ అసలు సహజంగా తీసుకుంటుందా?

పాతపిప్పెట్
ఎఫ్‌జెడ్‌బీ42 అనే పేరున్న స్ట్రెయిన్ తీసుకుంటుంది, దాని మీద చాలా పని జరిగింది. కాబట్టి జాతి వల్ల రాదని చెప్పలేం. 168 వాడేసిన మీడియం పోసి ఫెరోమోన్ అందిద్దామని ఎవరైనా సలహా ఇస్తే మాత్రం వినకు. కామ్‌ఎక్స్ ఒక్కో గుంపుకి ఒక్కో రకంగా ఉంటుంది, దీనికి దాని భాష అర్థం కాకపోవచ్చు. కామ్‌కెని జైలోజ్ స్విచ్ కింద పెట్టి బలవంతంగా ఆన్ చేసే పద్ధతుంది, అది కొన్ని స్ట్రెయిన్లకి పనిచేసింది.

కోడింగ్‌కి_పోయా
ఆ కామ్‌కె స్విచ్‌ని లోపలికి ఎక్కించడానికి ముందు అది డీఎన్ఏ తీసుకోవాలి కదా సార్. డీఎన్ఏ తీసుకోవట్లేదనే కదా స్విచ్.

పాతపిప్పెట్
అందుకే ఎలక్ట్రోపొరేషన్ కనిపెట్టారు నాయనా. కరెంటు షాకుకి కామ్‌కె అనుమతి అక్కర్లేదు.

మట్టిలో_మైక్రోబ్
అదే చెప్పబోతున్నా. షాకులో ప్లాస్మిడ్ రెండు పోగులతోనే లోపలికెళ్తుంది, కాబట్టి మోనోమర్ అయినా పర్లేదు. కానీ అప్పుడు బయటి డీఎన్ఏని కోసే రెస్ట్రిక్షన్ ఎంజైమ్‌కి పూర్తిగా చిక్కుతుంది. కాబట్టి ఆ మిథైల్ ముద్రలు లేని, జేఎమ్110 లోంచి తీసిన ప్లాస్మిడ్డే వాడు. మీడియంలో గ్లైసిన్ వేసి గోడ కాస్త పలచన చెయ్యి, ఉప్పు పూర్తిగా కడుగు, లేకపోతే క్యూవెట్‌లో టప్పున పేలుతుంది.

వేరుశనగ_వేళ్లు
పక్క డిపార్ట్‌మెంట్‌లో జేఎమ్110 దొరికింది. షాకు పెట్టా. క్లోరాంఫెనికాల్ ప్లేటు మీద, అంటే ప్లాస్మిడ్ ఎక్కినవే బతకాల్సిన చోట, కొన్ని కాలనీలు వచ్చాయి!! మొదట చాలా చిన్నవి, ఈ రోజు పొద్దున కనిపించేంత అయ్యాయి.

కోడింగ్‌కి_పోయా
పార్టీ.

సోంపేట_సందేహం
ఆగండి. ప్లాస్మిడ్ లేకుండా అదే షాకు పెట్టిన ప్లేటు మీద ఏమైనా వచ్చాయా? లేటుగా వచ్చిన చిన్న కాలనీలంటే సొంతంగా రెసిస్టెంట్ అయినవి కూడా కావచ్చు.

వేరుశనగ_వేళ్లు
ఆ ప్లేటు ఖాళీగానే ఉంది. కాలనీ పీసీఆర్ రాత్రికి పెడుతున్నా. ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ స్లాటు శుక్రవారం దాకా లేదు.

మట్టిలో_మైక్రోబ్
అప్పటిదాకా ఆగకు, ఈ రోజే గ్లిసరాల్ స్టాకు పెట్టేయ్. ఆ పెట్టేది కూడా రెండు ఫ్రీజర్లలో పెట్టు. మీ క్యాంపస్‌లో కరెంటు సంగతి నాకు తెలుసు.

ఫేజ్_పిచ్చి
జీనోమ్ ఎప్పుడైనా చదివిస్తే ఫైల్ నాకు పంపు. కామ్‌కె చూసి చెప్తా. ఏమీ లేకపోతే సందేహానికి బిర్యానీ నేనే పెట్టిస్తా.

సోంపేట_సందేహం
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.